ఆపరేషన్ తర్వాత కడుపు ఉబ్బరం: వాము, పుదీనా, అల్లం తైలాలను వాసన చూడొచ్చా, తాగొచ్చా?

శస్త్రచికిత్స జరిగిన మరునాడు వార్డులోకి వచ్చిన వైద్యులు నొప్పి ఎలా ఉందని అడిగాక, తప్పకుండా అడిగే ప్రశ్న మరొకటి ఉంటుంది. గ్యాస్ పోయిందా? మామూలు రోజుల్లో నలుగురిలో ఎత్తడానికే సంకోచించే ఆ విషయం కోసం అప్పుడు కుటుంబమంతా ఎదురుచూస్తుంది. అది ఆలస్యమయ్యే కొద్దీ రోగికి కడుపు బిగుస్తుంది, వికారం పెరుగుతుంది, ఆకలి నశిస్తుంది. పరామర్శకు వచ్చినవారి చేతిసంచుల్లోంచి చిన్న చిన్న సీసాలు బయటికి వచ్చేది సరిగ్గా అప్పుడే.

సూరత్ నగరంలోని పర్వత్ పాటియా, లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో ఆ సీసాలకు రెండు పుట్టిళ్లు ఉన్నాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వాము, శొంఠి, నీలగిరి తైలం పాత అలవాటు. చుట్టూ ఉన్న గుజరాతీ కుటుంబాల్లో భోజనం తర్వాత సోంపు, సువా గింజలు నమలడం, బాలింతకు వాటిని పెట్టడం తరతరాల ఆచారం. ఈ గింజలన్నిటి సుగంధం వాటిలోని ఆవిరయ్యే నూనెల నుంచి వస్తుంది. వాటిని బట్టీపట్టి తీసిన తైలాలే ఇప్పుడు 'ఎసెన్షియల్ ఆయిల్స్' పేరుతో మందుల దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ అమ్ముడవుతున్నాయి.

శస్త్రచికిత్స అనంతరం ఈ తైలాలు పనికొస్తాయా అన్న ప్రశ్నకు వైద్య పరిశోధనలు ఇచ్చే జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు. వికారానికి వాసన చూడటం వల్ల కొంత ఉపశమనం ఉండవచ్చు. తాగడం మాత్రం వేరే సంగతి. మామూలు కడుపునొప్పికి ఏ గుణం మేలు చేస్తుందో, ఆపరేషన్ అయిన పేగుకు ఆ గుణమే అక్కరకు రాకపోవచ్చు.

కడుపులో ఉన్నది ఏ గాలి?

తెలుగులో 'గ్యాస్' అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం గానీ, శస్త్రచికిత్స తర్వాత కడుపులో ఉండే గాలి రెండు రకాలు. ఒకటి పేగుల లోపల ఉండేది. రెండోది పేగుల బయట, ఉదరకుహరంలో ఉండేది.

పిత్తాశయంలో రాళ్లకు, అపెండిక్స్‌కు, కొన్ని గర్భాశయ సమస్యలకు ఇప్పుడు లాప్రోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల ద్వారా శస్త్రచికిత్స చేయడం సర్వసాధారణమైంది. లోపలి అవయవాలు స్పష్టంగా కనిపించేందుకు ఉదరకుహరాన్ని కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ఉబ్బిస్తారు. చివర్లో దాన్ని బయటికి తీసేసినా కొంత మిగిలిపోతుంది. అది ఉదరవితానాన్ని రాపిడికి గురిచేయడం వల్ల నొప్పి భుజంలో తెలుస్తుంది. కడుపుకు ఆపరేషన్ చేస్తే భుజం ఎందుకు నొప్పి పుడుతోందని రోగులు బెంబేలెత్తడం వైద్యులకు నిత్యానుభవమే. ఆ వాయువు రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గుతుంది. వాము నీళ్లు తాగినా, ఏ తైలం మింగినా ఆ గాలి దగ్గరికి చేరే దారి లేదు. అది పేగులోనే లేదు.

ఇక పేగుల లోపలి గాలి సంగతి. మత్తుమందు, నొప్పి తగ్గించేందుకు ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు, శస్త్రచికిత్సలో పేగులను కదిలించడం, ఈ మూడింటి ప్రభావంతో జీర్ణవ్యవస్థ కదలిక తాత్కాలికంగా స్తంభిస్తుంది. పెద్ద ఉదర శస్త్రచికిత్స తర్వాత చిన్నపేగు సాధారణంగా మొదటి 24 గంటల్లోనే తేరుకుంటుంది. జీర్ణాశయానికి 24 నుంచి 48 గంటలు, పెద్దపేగుకు 48 నుంచి 72 గంటలు పట్టవచ్చు. అపానవాయువు వెలువడిందంటే చిట్టచివరి భాగం కూడా మేల్కొంటోందని అర్థం. వైద్యుల ప్రశ్నకు కారణం ఇదే.

పుదీనా తైలం చేసే పని

మిరియపు పుదీనాగా పిలిచే పిప్పర్‌మెంట్ మొక్క తైలంలో ప్రధాన పదార్థం మెంథాల్. పేగు గోడల్లోని కండర కణాల్లోకి కాల్షియం చేరడాన్ని అది అడ్డుకుంటుంది. దాంతో కండరం సడలుతుంది. పేగులు పట్టేసి మెలిపెట్టే నొప్పికి ఇది పనికొచ్చే గుణం. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ రోగులకు పిప్పర్‌మెంట్ తైలాన్ని ఉపశమనం కోసం సూచించవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021 మార్గదర్శకాల్లో పేర్కొంది. అయితే ఆధారాల బలం తక్కువేనని కూడా చెప్పింది. జపాన్‌లో జీర్ణాశయంలోకి కెమెరా గొట్టం పంపి పరీక్షించేటప్పుడు అక్కడి కదలికలను కాసేపు ఆపడానికి మెంథాల్ ద్రావణాన్ని నేరుగా చల్లే పద్ధతి ఉంది.

కదలికలను ఆపడానికి వాడే పదార్థాన్ని, కదలికలు మొదలుకావాలని ఎదురుచూస్తున్న పేగుకు ఇస్తే ఏమవుతుంది? శస్త్రచికిత్స తర్వాతి తొలి రోజుల్లో పుదీనా తైలం మింగించే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న అదే. పట్టేసిన కండరం ఒక సమస్య, పనిచేయని కండరం మరో సమస్య. ఇంటి వైద్యంలో రెండింటినీ 'కడుపు బాగాలేదు' అన్న ఒకే మాట కింద చేర్చేయడం వల్లే చిక్కంతా వస్తోంది.

మరో ఇబ్బందీ ఉంది. ఆహారనాళం, జీర్ణాశయం కలిసేచోట ఉండే కండర వలయాన్ని కూడా మెంథాల్ సడలిస్తుంది. ఆమ్లం పైకి ఎగదన్ని గుండెలో మంట పుడుతుంది. మంచంపై వెల్లకిలా పడుకుని ఉండే రోగికి ఈ బాధ ఎక్కువ. పరిశోధనల్లో వాడిన గొట్టాలకు జీర్ణాశయంలో కరగని పూత ఉంటుంది. తైలం పేగులోకి వెళ్లాకే విడుదల కావాలన్నది ఆ పూత ఉద్దేశం. ఆపరేషన్ తర్వాత దాదాపు అందరికీ ఇచ్చే ఆమ్ల నివారణ మాత్రలు ఆ పూతను ముందే కరిగించగలవు. ఇక సీసాలోంచి నేరుగా నీళ్లలో వేసుకున్న చుక్కలకు ఆ పాటి పూత కూడా ఉండదు.

మార్కెట్లో 'పుదీనా నూనె' పేరుతో దొరికేదంతా పిప్పర్‌మెంట్ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో, ముఖ్యంగా ఉత్తర్‌ప్రదేశ్‌లో విస్తారంగా పండే మెంథాల్ పుదీనా వేరే జాతి. దాని తైలంలో మెంథాల్ పాళ్లు పిప్పర్‌మెంట్‌లో కన్నా చాలా ఎక్కువ. ఒక మొక్క తైలంపై జరిగిన పరిశోధనను చూపి ఇంకో మొక్క తైలాన్ని అమ్మడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు.

వాసనతో వికారం తగ్గుతుందా?

శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో సుమారు 30 శాతం మందికి తర్వాత వికారమో వాంతులో వస్తాయి. ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో అంచనా వేసేందుకు జర్మన్ మత్తు వైద్యుడు క్రిస్టియన్ ఆప్‌ఫెల్ బృందం 1999లో ఒక సులభమైన కొలమానాన్ని ప్రచురించింది. స్త్రీ కావడం, పొగతాగే అలవాటు లేకపోవడం, గతంలో ఆపరేషన్ తర్వాతో బస్సు ప్రయాణాల్లోనో వాంతులయిన అనుభవం ఉండటం, శస్త్రచికిత్స తర్వాత మార్ఫిన్ జాతి మందులు వాడటం, ఈ నాలుగూ అందులోని అంశాలు. ఏదీ లేనివారికి ముప్పు 10 శాతం ఉంటే, నాలుగూ ఉన్నవారికి 80 శాతానికి చేరువవుతుంది. బస్సెక్కితే వాంతులయ్యే మహిళ ఆ సంగతిని మత్తు వైద్యుడికి ముందే చెబితే, వాంతుల నివారణ మందులు ముందుగానే ఇస్తారు. తర్వాత ఎన్ని తైలాలు వాసన చూసినా అంత ప్రయోజనం ఉండదు.

తైలాల వాసనపై పరీక్షలు జరగకపోలేదు. 2013లో 'అనెస్థీషియా అండ్ అనాల్జీసియా' పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఆపరేషన్ తర్వాత వికారం కలిగిన 301 మందికి గాజుగుడ్డపై వేర్వేరు ద్రవాలు వేసి వాసన చూపించారు. అల్లం తైలం, అల్లం, పుదీనా రకాలు, యాలకుల తైలాల మిశ్రమం ఉప్పునీటి కంటే మెరుగ్గా పనిచేశాయి. ఇంజెక్షన్‌కు ముందు చర్మం తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మాత్రం అక్కడ తేడా చూపలేదు.

కాక్రేన్ సంస్థ 2018లో 16 అధ్యయనాలను, 1,036 మంది రోగుల సమాచారాన్ని కలిపి సమీక్షించినప్పుడు చిత్రం కొంత తిరగబడింది. మామూలు వాంతుల నివారణ మందులతో పోలిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాసన వికారాన్ని త్వరగా తగ్గించవచ్చని, పిప్పర్‌మెంట్ విషయంలో ఆధారాలు మరీ బలహీనమని ఆ సమీక్ష తేల్చింది.

వీటన్నిటికన్నా ఆలోచింపజేసేది 2004 నాటి ఓ చిన్న అధ్యయనం. అందులో పాల్గొన్నది 33 మందే. పిప్పర్‌మెంట్, ఆల్కహాల్, ఉప్పునీరు, మూడింటిలో దేన్ని వాసన చూసినా వికారం దాదాపు ఒకేలా తగ్గింది. ఉప్పునీటికి వాసనే లేదు. ముక్కుతో నిండుగా గాలి పీల్చి, నోటితో మెల్లగా వదలమని రోగులకు చెప్పడమే అసలు చికిత్స అయి ఉండవచ్చని పరిశోధకులు భావించారు. ఖర్చు లేని ఆ పద్ధతిని ఎవరైనా పాటించవచ్చు. ఇష్టమైన వాసన తోడైతే మనసుకు ఊరట కూడా.

వాసన చూడాలనుకునేవారికి ఒక చుక్క చాలు. దూదిపై వేసి, ముక్కుకు తగలకుండా కాస్త దూరంగా పట్టుకుని రెండు మూడు నిమిషాలు శ్వాస తీసుకోవాలి. మరిగే నీళ్లలో వేసి ఆవిరి పట్టడం ఈ సమయంలో మంచిది కాదు. దగ్గు వస్తే కుట్లపై ఒత్తిడి పడుతుంది. ఆస్తమా ఉన్నవారికి ఘాటైన వాసనలు ఆయాసం తెప్పించవచ్చు. సిజేరియన్ అయిన తల్లి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పక్కలో పసికందు ఉంటుంది. మెంథాల్, కర్పూరం, నీలగిరి వాసనలు శిశువుల ముక్కు దగ్గరికి వస్తే ఊపిరి ఆడటం కష్టమయ్యే ప్రమాదం ఉంది. ఆ సీసాలు బాలింత గదిలో లేకపోవడమే క్షేమం.

గింజ వేరు, చుక్క వేరు

'వాము తరతరాలుగా తింటున్నాం కదా, వాము నూనెతో ఏమవుతుంది?' అన్న వాదన తరచూ వినిపిస్తుంది. లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. వంద గ్రాముల వాము నుంచి వచ్చే తైలం రెండు నుంచి నాలుగు గ్రాములు. అందులో సగం దాకా థైమాల్ అనే ఘాటైన పదార్థం ఉంటుంది. ఒక చుక్క తైలం అంటే గ్రాము నుంచి రెండు గ్రాముల వాముతో సమానం. అది చిటికెడు కన్నా ఎక్కువే. ఒక టీస్పూను తైలమంటే వంద గ్రాములకు పైగా వాము సారమంతా ఒక్క గుక్కలో మింగినట్టు. గింజలను ఎవరూ అంత తినలేరు, నోరే వద్దంటుంది. చుక్కల సీసాకు ఆ అదుపు లేదు.

తెలుగులో 'నూనె', 'తైలం' అన్న మాటలు ఈ గందరగోళాన్ని పెంచుతున్నాయి. నువ్వుల నూనెలో వాము వేసి కాచి పొట్టపై రాసేదీ వాము నూనే. ఆవిరితో బట్టీపట్టి తీసిన గాఢ సారమూ వాము నూనే. రెండోదానిలో ఉండే ఘాటు మొదటిదానిలో లేశమంత. బట్టీలో తైలంతో పాటు దిగే సుగంధజలాన్ని ఆయుర్వేదం, యునానీ వైద్యం అర్కం అంటాయి. దుకాణాల్లో దొరికే ఓమ వాటర్ ఆ కోవలోనిదే, తైలమంత గాఢంగా ఉండదు. సూరత్‌లో భాష కూడా కలగలిసి, వాము 'అజ్మో' అవుతుంది, సోంపు 'వరియాళీ' అవుతుంది. తెలుగువారు శతపుష్ప అనే గింజలే అక్కడి 'సువా'. పసిపిల్లల గ్రైప్ వాటర్‌కు ఆ ప్రత్యేకమైన వాసన వచ్చేది ఈ సువా తైలం వల్లే.

పాతకాలపు చుక్కల మందుల్లో కొన్నిటికి ఆసక్తికరమైన చరిత్ర ఉంది. పిప్పర్‌మెంట్ పువ్వు, వాము పువ్వు, కర్పూరం, ఈ మూడు ఘనపదార్థాలనూ ఒక సీసాలో కలిపితే వేడి చేయకుండానే కరిగి ద్రవమైపోతాయి. గత శతాబ్ది ఆరంభంలో లాహోర్‌లో పండిత్ ఠాకూర్ దత్ శర్మ ప్రాచుర్యంలోకి తెచ్చిన అమృతధార ఈ సూత్రం మీదే తయారైంది. హైదరాబాద్‌లో 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ రూపొందించిన జిందా తిలిస్మాత్ తెలంగాణ ఇళ్లలో నూరేళ్లుగా ఉంటోంది. దానిలో నీలగిరి తైలం ముఖ్యం. వలస వెళ్లినవారి పెట్టెల్లో ఊరగాయ జాడీ పక్కన ఇలాంటి సీసా ఒకటి ఉండటం వింతేమీ కాదు. ఇటువంటి మందులపై రాసిన మోతాదులు మామూలు జలుబుకు, అజీర్తికి ఉద్దేశించినవి. కొత్తగా కుట్లు పడ్డ పేగును దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు.

తైలాలను గాఢ రూపంలో మింగడం వల్ల వచ్చే ప్రమాదాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. నీలగిరి తైలం, కర్పూరం మింగితే మూర్ఛలు రావచ్చు. చిన్నపిల్లల్లో ఒక టీస్పూను కూడా ప్రాణాపాయానికి దారితీయవచ్చు. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నాడీవైద్యులు ఈ రెండు పదార్థాలతో ముడిపడిన మూర్ఛ కేసులను పెద్దవారిలోనూ గుర్తించి ప్రచురించారు. కొందరిలో మింగడం వల్ల, మరికొందరిలో పూయడం, పీల్చడం వల్లే మూర్ఛ వచ్చింది. ప్రసాదాల్లో వేసే పచ్చకర్పూరం, హారతికి వెలిగించే కర్పూరం ఒకటి కావన్నది కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాల్సిన విషయం. హారతి కర్పూరం తినేది కాదు.

నొప్పుల బామ్‌లలో ఉండే వింటర్‌గ్రీన్ తైలానిది ఇంకో కథ. అందులోని మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఒక టీస్పూను మింగితే ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు చర్మంపై ఎక్కువగా రాసుకున్నా రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

పొట్టపై రాయొచ్చా అన్నది చాలామంది సందేహం. గాయం మానేదాకా కుట్ల దరిదాపుల్లో ఏ తైలమూ తగలకూడదు. చర్మంపై దద్దుర్లు, మంట వస్తే అవి గాయం చీము పట్టిన లక్షణాలను పోలి ఉండి వైద్యులను పక్కదోవ పట్టిస్తాయి. ఇప్పుడు కుట్లకు బదులు వాడుతున్న జిగురు, అంటింపు పట్టీలు నూనె తగిలితే ఊడిపోతాయి. మెష్ వేసి చేసిన హెర్నియా ఆపరేషన్ తర్వాత పొట్ట మర్దన జోలికే పోకూడదు.

మరి పేగు కదలాలంటే?

డెన్మార్క్ శస్త్రవైద్యుడు హెన్రిక్ కెహ్లెట్ 1990లలో మొదలుపెట్టిన 'త్వరిత కోలుకోలు' విధానం ఈ విషయంలో పాత పద్ధతులను చాలావరకు మార్చివేసింది. రోగిని వీలైనంత త్వరగా లేపి నడిపించడం, మార్ఫిన్ జాతి మందులను తగ్గించడం, రోజుల తరబడి పస్తు ఉంచకుండా త్వరగా ద్రవాలు, ఆహారం ఇవ్వడం దానిలో ముఖ్యాంశాలు. మగ్గం దగ్గర రోజంతా నిలబడే కార్మికుడు ఆపరేషన్ కాగానే కదలకుండా పడుకోవాలని ఇంట్లోవారు పట్టుబడతారు. వైద్యులు మాత్రం గదిలోనే నాలుగడుగులు వేయమంటారు. ఈ పోరులో వైద్యుల మాటే చెల్లాలి. అయితే నడక వేరు, బరువులెత్తడం వేరు. పనిలోకి ఎప్పుడు వెళ్లాలన్నది ఆపరేషన్ రకాన్ని బట్టి వైద్యులే చెప్పాలి.

చూయింగ్ గమ్ నమలడం కూడా పనికొస్తుందంటే నవ్వొస్తుంది గానీ, దీనికి తైలాలకన్నా మెరుగైన ఆధారాలున్నాయి. నోరు నములుతుంటే భోజనం వస్తోందనుకుని జీర్ణవ్యవస్థ సిద్ధమవుతుంది. సిజేరియన్ అయిన మహిళలపై జరిగిన అధ్యయనాలను 2016లో కాక్రేన్ సమీక్షించగా, గమ్ నమిలినవారిలో అపానవాయువు సుమారు ఏడు గంటలు ముందుగా వెలువడింది. వైద్యులు అనుమతిస్తే భోజనం తర్వాత నాలుగు సోంపు గింజలు నమలడంలోనూ తప్పు లేదు. శొంఠి, అల్లం వంటలో వేసే మోతాదుకు మించితే రక్తం గడ్డకట్టే తీరుపై ప్రభావం చూపవచ్చన్న అనుమానం ఉన్నందున, శస్త్రచికిత్సకు రెండు వారాల ముందు నుంచే మూలికా మందులను ఆపమని మత్తు వైద్యులు సాధారణంగా సూచిస్తారు.

వాడుతున్నవాటిని దాచిపెట్టడమే అన్నిటికన్నా చేటు. కోప్పడతారేమోనన్న భయంతో చాలా కుటుంబాలు ఆ మాట ఎత్తవు. సీసాను వెంట తీసుకెళ్లి చూపిస్తే సరిపోతుంది. పర్వత్ పాటియాకు దగ్గరలో ఉమర్‌వాడలోని నగరపాలక స్మీమర్ ఆసుపత్రికి గానీ, మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రికి గానీ వెళ్లే తెలుగు కుటుంబాల్లో పెద్దవారికి గుజరాతీ, హిందీ అంతగా రాకపోవచ్చు. అలాంటప్పుడు అక్కడే చదువుకున్న పిల్లలను తోడు తీసుకెళ్లడం మేలు. డిశ్చార్జి కాగితంపై ఏ ఆహారం ఎప్పటినుంచి అని రాశారో అక్కడే అడిగి తెలుసుకోవాలి.

తైలాలతోనో నీళ్లతోనో కాలయాపన చేయకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఆగకుండా వాంతులు కావడం, వాంతి పచ్చగా ఉండటం, కడుపు రాయిలా గట్టిపడి గాలిగానీ విరేచనంగానీ పూర్తిగా ఆగిపోవడం, తగ్గాల్సిన నొప్పి రోజురోజుకూ పెరగడం, చలితో జ్వరం, గాయం నుంచి చీమో దుర్వాసనో రావడం వీటిలో ముఖ్యమైనవి. పేగు అతుక్కోవడం, కుట్టు లీకవడం వంటి తీవ్ర సమస్యలు కూడా మొదట్లో 'గ్యాస్'లాగే కనిపిస్తాయి. భుజం నొప్పితో పాటు ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా, ఒక కాలు వాచినా లాప్రోస్కోపీ గాలి అనుకుని ఊరుకోకూడదు. ఎవరైనా పొరపాటున గాఢ తైలం మింగితే బలవంతంగా వాంతి చేయించకూడదు. తైలం ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ 2007 నుంచి గుజరాత్‌లోనూ అందుబాటులో ఉంది. సూరత్‌లోనూ పిలవాల్సిన నంబరు అదే.